తళతళారావు గారి నల్ల కారు

ప్రతి అపార్ట్‌మెంటు సెల్లార్లోనూ ఒక తళతళారావు గారు ఉంటారు. పేరు వేరే కావచ్చు, ఫ్లాటు నంబరు వేరే కావచ్చు, మనిషిని పోల్చుకోవడం మాత్రం సులువు. తెల్లవారుజామున సెల్‌ఫోను టార్చి వెలిగించుకుని, కారు డోరుకి ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఊపిరి బిగబట్టి చూస్తున్న పెద్దమనిషి ఆయనే. కొత్తగా చేరిన వాచ్‌మన్లు మొదటి వారం దొంగనుకుని ఈల వేస్తారు. రెండో వారం నుంచి జాలిపడతారు.

కారు కొనేటప్పుడు షోరూం కుర్రాడు తెలుపు తీసుకోమన్నాడు. మన దేశంలో ఎక్కువమంది కొనేది అదేననీ, దుమ్ము అంతగా కనపడదనీ నచ్చజెప్పాడు. దుమ్ము కనపడకపోతే తుడిచేదేముంది? తుడిచేదే లేకపోతే కారెందుకు? రావుగారు నలుపు తీసుకున్నారు. నిగనిగలాడే నలుపు. దానిమీద వేలు పెడితే పోలీసులకి పని తగ్గిపోతుంది, ముద్ర అంత స్పష్టంగా పడుతుంది.

ఆయనతో పాటు లిఫ్టు ఎక్కితే మైక్రాన్ల పాఠం తప్పదు. "అడుగున రేకు. దానిమీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు. ఇవన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు. క్లియర్ కోటు ఒక్కటీ 40, 50 ఉంటుందేమో. మనిషి తలవెంట్రుకే 70 ఉంటుందండీ!" అంటూ నా తలకేసి చూసి, "అదే, ఉన్నవాళ్లకి" అని సర్దుకున్నారు.

వెంట్రుక మందం కూడా లేని ఆ పొరకి ఆయన అంగరక్షకుడు. శత్రువులా, బోలెడు మంది. మొదటివాడు వాచ్‌మన్. వాచ్‌మన్ అంటే కోపం లేదు, వాడి చేతిలో గుడ్డంటేనే. నెలకింతని మాట్లాడుకుని, ఒకే బకెట్టు నీళ్లు, ఒకే పాత బనీనుతో సెల్లారంతా తుడుచుకొస్తాడు కదా, మొదటి కారు ఇసుక ఆఖరి కారుదాకా ప్రయాణం చేస్తుంది. ఆ ఇసుక గీసిన సన్నగీతలు ఎండ పడగానే సాలెగూడులా బయటపడతాయి. ఇది అక్షరాలా నిజం. రావుగారితో చిక్కే అది. ఉత్త చాదస్తమైతే నవ్వి ఊరుకోవచ్చు. ఆయన ప్రతి చాదస్తానికీ వెనక ఒక శాస్త్రం ఉంటుంది, వాదిస్తే మనమే ఓడిపోతాం.

ఆదివారం స్నానం చూసి తీరాలి. కారుదే లెండి. రెండు బకెట్లు: ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోది మురికి గ్లవ్ జాడించుకోవడానికి. అడుగుకి దిగిన ఇసుక మళ్లీ పైకి లేవకుండా బకెట్లో జాలీ. టాపు నుంచి కిందికే రుద్దాలి. చక్రాలకి వేరే బ్రష్షు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పెయింటు మీదే ఆరిపోతే తెల్లమచ్చలు కట్టి ఒక పట్టాన వదలవు. అందుకని ఆఖరి బకెట్టు వంటింట్లో ఆర్వో నీళ్లు.

"ఏమండీ, పప్పులోకి నీళ్లు లేవు!" పైనుంచి ఆవిడ కేక.

"బోరు నీళ్లు పొయ్యవే, పప్పుకి మచ్చలు పడవుగా!" కిందనుంచి ఈయన.

తుడిచే తువ్వాళ్లు దళసరివి, 800 జీఎస్ఎం. ఇంట్లో మనుషులు ఒళ్లు తుడుచుకునే తువ్వాళ్లలోంచి ఎండ కనపడుతుంది. కారు తువ్వాలు పొరపాటున నేలమీద పడిందా, దాని హోదా పోయినట్టే. ఆ క్షణమే బానెట్ నుంచి టైర్లకి బదిలీ. అప్పీలు లేదు.

కొత్తలో కారుని సికింద్రాబాదు తాడ్‌బండ్ ఆంజనేయస్వామి గుడికి పూజకి తీసుకెళ్లారు. పూజారిగారు తడిపిన కుంకుమలో వేలు ముంచి, స్వస్తిక్ వేద్దామని బానెట్ మీదికి వంగారు. రావుగారు అడ్డం పడ్డారు.

"స్వామీ, నంబరు ప్లేటు మీద వెయ్యండి."

"నంబరు ప్లేటు మీదేమిటి నాయనా?"

"పోనీ, అద్దం మీద."

చివరికి రాజీ కుదిరింది. బానెట్ మీద ప్లాస్టిక్ కవరు పరిచారు, కవరు మీద స్వస్తిక్ పడింది. టైర్ల కింద నిమ్మకాయలకి ఒప్పుకున్నారు గానీ, రసం ఎంత ఎత్తుకి చిమ్ముతుందో ముందే విచారించుకున్నారు. కొబ్బరికాయ పదడుగుల అవతల కొట్టించారు. కారుకి దిష్టి తగలకూడదని పూజ చేయిస్తూ, ఆ పూజ కూడా కారుకి తగలకుండా చూసుకున్న భక్తుడు ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఇక పెళ్లిళ్లకి వెళ్తే, ఫంక్షన్ హాలు ముందు నీడంటూ ఉంటే కానుగ చెట్టుదే. కానుగ నుంచి జిగురు రాలుతుంది, కొమ్మల్లో కాకులుంటాయి. ఎండకి క్లియర్ కోటు మెత్తబడి సాగుతుంది, చల్లబడ్డాక బిగుసుకుంటుంది. ఆ బిగుసుకోవడంలో, ఎండిపోయిన కాకిరెట్టని కడిగేసినా దాని ఆకారం పెయింటులో అచ్చుపడి ఉండిపోతుంది. అందుకని జీలకర్రా బెల్లం పెట్టే వేళకి ఆయన బయట కాకులని అదిలిస్తూ ఉంటారు. మూడు పెళ్లిళ్ల ఆల్బములు తిరగేశాను, ఒక్క ఫోటోలోనూ లేరు. ముగ్గురు పెళ్లికొడుకులకీ ఆయన పార్కింగ్ మనిషి అనే తెలుసు.

మొదట్లో బ్రెజిల్ తాటాకు నుంచి తీసే కార్నోబా మైనం రాసేవారు. తర్వాత సిరామిక్ కోటింగు చేయించారు. డబ్బా మీద 9హెచ్ అని ఉందట. బావమరిది సంబరపడ్డాడు.

"అయితే ఇక రాయి పడినా గీత పడదన్నమాట, బావగారూ!"

"9హెచ్ అంటే పెన్సిల్ గట్టిదనం లెక్క. ఆ పెన్సిల్‌తో గీసినా గీత పడదని అర్థం. రాయి పెన్సిల్ కాదు కదా."

"మరి అంత డబ్బు పోసింది, మీ కారు మీద పెన్సిల్‌తో రాసేవాళ్ల కోసమా?"

ఆ రాత్రి రావుగారికి నిద్ర పట్టలేదు. మర్నాడే వెళ్లి కారంతటికీ పారదర్శకమైన పాలియురేథేన్ ఫిల్ము తొడిగించి తెచ్చారు. దీని పూర్వీకుణ్ణి వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యం హెలికాప్టరు రెక్కల కోసం వాడిందని సెల్లారంతా తిరిగి చెప్పారు. ఆ యుద్ధం 1975లో ముగిసింది. మా సెల్లార్లోది ఇంకా నడుస్తోంది. ఫిల్ము మీద సన్నగీత పడితే వేడికి దానంతటదే మాసిపోతుందట. గీత కనపడ్డ రోజున గీజరు వేణ్ణీళ్లు కారువి, పిల్లలకి చన్నీళ్లు.

మొన్న ఇంట్లో పోరు పడలేక అమ్మకానికి ఒప్పుకున్నారు. కొనే కుర్రాడు చిన్న మిషను తెచ్చాడు. పెయింటు మందం కొలిచేది. బానెట్ మీద పెట్టాడు, 310. డోరు మీద పెట్టాడు, 305. మిషను జేబులో వేసుకున్నాడు.

"సార్, బండి మొత్తం రీపెయింట్ అయింది. గట్టిగనే తాకినట్టుంది."

రావుగారికి నోట మాట రాలేదు. ఐదేళ్లుగా చీమని కూడా ఎక్కనివ్వని బండి! తేరుకుని లెక్క చెప్పారు. కంపెనీ పెయింటు 120, మిగతాదంతా ఫిల్ము. కుర్రాడు ఓపిగ్గా విన్నాడు.

"అయితే ఫిల్ము తీసి చూపియ్యండి సార్. మళ్ల కొలుస్త."

రావుగారు ఆలోచనలో పడ్డారు.

"కొలిచేటప్పుడు ఆ మిషను పెయింటుకి తగుల్తుందా?"

"తగలకుంట ఎట్ల సార్?"

ధర ఎంతన్న మాటదాకా బేరం వెళ్లనే లేదు.