మూడు రాళ్ళ పొయ్యి, నాలుగు కాళ్ళ స్టాండు

మా వాషింగ్ మెషిన్‌కి కాళ్ళొచ్చాయని మొదట కనిపెట్టింది కిందింటావిడ. "అన్నయ్యగారూ, ఇంట్లో పిండిమర పెట్టారా?" అని మెట్ల దగ్గర ఆపి అడిగింది. ఆ రోజే, నీళ్ళు పిండే టైముకి వెనక బాల్కనీలోకి వెళ్ళి చూశాను. మెషిన్ స్టాండుతో సహా తలుపు వైపు జానెడు జరిగింది. ఇంకా జరిగే ఉద్దేశంలోనే ఉంది. నీళ్ళ గొట్టం పలుపుతాడులా బిగబట్టింది కాబట్టి ఆగింది గానీ, లేకపోతే వంటింట్లోకి వచ్చేసేదే.

"మెకానిక్‌ని పిలవండి" అంది మా ఆవిడ.

"నాలుగు బోల్టులు బిగించడానికి మెకానిక్ ఎందుకే?" అన్నాను. మా ఇంట్లో పెద్ద ఖర్చులన్నీ ఇలాంటి ప్రశ్నలతోనే మొదలయ్యాయి.

ముందు మెషిన్ని స్టాండు మీంచి దించాలి. రేకుపెట్టె, లోపల గాలే కదా అనుకున్నాను. ముందువైపు తలుపుండే రకాల్లో ఊపు ఆపడానికి కాంక్రీటు దిమ్మలు బిగిస్తారన్న సంగతి దాన్ని కావలించుకున్నాక నా నడుం చెప్పింది. 60 కిలోల పైమాటే. మా అబ్బాయి ఇంటర్. వాడు కాగితం మీద లెక్క కట్టాడు. నిమిషానికి 1200 చుట్లంటే సెకనుకి 20. ఆ వేగంలో డ్రమ్ము అంచున ఒక పక్కకి 100 గ్రాముల తడిబట్ట ఎక్కువ చేరినా, దాదాపు 40 కిలోల బరువు పట్టి లాగినట్టేనట. "సరే, ఓ చెయ్యి వెయ్యరా" అంటే మాత్రం యూనిట్ టెస్టులన్నాడు. చివరికి వాచ్‌మన్, నేనూ కలిసి దించాం.

స్టాండు కింద మూడు సాక్సులు దొరికాయి, మూడూ వేర్వేరు జతలవి. ఒక రెండు రూపాయల బిళ్ళ. మా అమ్మ ఆర్నెల్లుగా నన్ను అనుమానిస్తున్న ముక్కుపొడి డబ్బా మూత.

గొట్టాలు బిగించే బోల్టుల్లో ఒకటి తుప్పుపట్టి మొండికేసింది. కొబ్బరినూనె పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే 13 నంబరు పానాతో తిప్పాను. తల నా చేతికొచ్చింది, మొండెం స్టాండులోనే ఉండిపోయింది. దాన్ని తోడటానికి డ్రిల్లు మిషన్ కొన్నాను. (దాని బిల్లు ఎక్కడ దాచానో ఇక్కడ రాయను, ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది.) కొత్త బోల్టులు, వాషర్లు, రబ్బరు బిళ్ళలు వేసి కరకరలాడేలా బిగించాను. మెషిన్ ఎక్కించాం. అది మరో మూల నుంచి ఊగడం మొదలుపెట్టింది.

ఇక అట్టముక్కల పర్వం. క్యాలెండరు అట్ట తడవగానే ముద్దయిపోయింది. చెప్పుల డబ్బా మూత రెండు ఉతుకులు ఆగింది. అప్పుడు బీరువా మీద మా తోడల్లుడుగారి అమ్మాయి శుభలేఖ కనబడింది. పలకంత మందం, పైన బంగారు అక్షరాలు. మడిచి కాలి కింద పెడితే అచ్చంగా సరిపోయింది.

మర్నాడు అమ్మ వంగి చూసింది. "ఒరేయ్, వినాయకుడి బొమ్మ పెట్టి తొక్కిస్తున్నావురా?" అంది. చెంపలేసుకుని కార్డు లాగేశాను. ఆవిడ అక్కడితో ఆగలేదు. "మా రోజుల్లో పొయ్యికి మూడు రాళ్ళే పెట్టేవాళ్ళం. ఏ నేల మీద పెట్టినా ఊగేది కాదు. నాలుగోది ఎవడు పెట్టమన్నాడు?"

నిజమే, ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదైనా కుదురుగా కూర్చుంటుంది. నాలుగో కాలు వచ్చాకే తగువు. కానీ మెషిన్ ఒక కాలు కొయ్యలేను కదా.

చివరికి ఎదురింట్లో టైల్సు వేస్తున్న మేస్త్రీని బతిమాలి తెచ్చాను. అతను స్టాండు వంక చూడనైనా చూడలేదు. నీళ్ళు నింపిన లెవెల్ పైపు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకున్నాడు. "సార్, స్టాండుకేం రోగం లేదు. నేలే వాలు. నీళ్ళు తూముకి పోవాలని మేమే పెడతాం" అన్నాడు. నీరు పల్లమెరుగునని చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, ఆ పల్లం మా మెషిన్ కిందే ఉందని తోచలేదు. 60 సెంటీమీటర్ల స్టాండుకి ఆ కొసకీ ఈ కొసకీ సెంటీమీటరు తేడా! తూము వైపు రెండు కాళ్ళని చేత్తోనే తిప్పి ఆ సెంటీమీటరు పొడుగు చేశాడు, మళ్ళీ జారకుండా పైనట్లు బిగించాడు. ఐదు నిమిషాల పని. డబ్బులివ్వబోతే, "టీ చాల్లెండి" అన్నాడు.

పిండే టైములో మెషిన్ మీద గ్లాసు నిండా నీళ్ళు పెట్టాను. వణికాయి గానీ ఒక్క చుక్క ఒలకలేదు. గ్లాసు చూపించడానికి కిందింటావిడని కూడా పిలిచాను.

ఆదివారం తోడల్లుడుగారు చెప్పాపెట్టకుండా దిగారు. చెయ్యి కడుక్కోవడానికి బాల్కనీలోకి వెళ్ళి, తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసిన శుభలేఖని చూశారు. "పెళ్ళయి రెండేళ్ళయినా ఇంత భద్రంగా దాచావా తమ్ముడూ!" అన్నారు, గొంతు పూడుకుపోయి.

"మొన్నటి వానకి కాస్త తడిసింది అన్నయ్యగారూ" అన్నాను. మా ఆవిడ పైకి, ఫ్యాను వంక చూస్తోంది.

ఆయన కార్డు చేతిలోకి తీసుకుని, వధూవరుల పేర్ల మధ్య గుండ్రంగా లొత్తపడ్డ చోట వేలితో తడిమారు.

"ఈ సీలేంటి?" అన్నారు.