డిక్కీలోంచి ఒక డీజిల్ ఫిల్టర్

మెకానిక్కు రాసే బిల్లులో నాది ఎప్పుడూ ఆఖరి వరసే. క్లచ్ ప్లేటు, నాజిళ్లు, పంపు సర్వీసు, లేబరు అన్నీ అయ్యాక, కాగితం అడుగున చోటు చాలక వంకరగా ‘ఫిల్టరు 1’ అని గీకుతారు. కొండ ఎక్కలేని బండికి అసలు జబ్బు నా దగ్గరే ఉందని తేలినా ఆ మర్యాద పెరగలేదు.

పుట్టుక గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు. జిగురు పట్టించిన కాగితాన్ని చీర కుచ్చిళ్లలా మడిచి రేకు డబ్బాలో బిగించారు, అంతే. నన్ను బిగించిన బండి మోపిదేవిలో కిరాయికి తిరిగే తెల్ల అంబాసిడర్. 1489 సీసీ డీజిల్ ఇంజన్. నలభై గుర్రాల బలం కూడా లేదు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అప్పటికింకా అంబాసిడర్లు తయారవుతూనే ఉన్నాయి. 2014లో గదా మానేసింది.

నేను చేసిన పని కంటికి కనపడదు గానీ చిన్నది కాదు. నా తర్వాత ఉండే పంపులో ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత సన్నటి చోట ఇసుక నలుసు దూరితే గీత పడుతుంది; గీత పడితే వేలల్లో వదులుతుంది. ఆ నలుసుల్ని నేనే ఆపాను. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో పిల్లలకు చెవులు కుట్టించుకునేవాళ్లనీ, అర్ధరాత్రి నొప్పులు మొదలైతే బందరు ఆసుపత్రికి పరిగెత్తినవాళ్లనీ ఎక్కడా ఆగకుండా చేర్చిన బండిలో నా వాటా కూడా ఉంది. కొత్త సీటు కవర్లను మెచ్చుకున్నవాళ్లే గానీ నన్ను తలుచుకున్నవాళ్లు లేరు.

పోనీ, తలుచుకోకపోతే మానె. చెరువు గట్టు మీద నీళ్ల ఇంజను కోసం పెట్టుకున్న పాత డ్రమ్ములోంచి డీజిల్ ముంచి ట్యాంకులో పోసేవాడు మా ఓనరు. ఆ డ్రమ్ములో తుప్పు, అడుగున నీళ్లు. దానికి తోడు ట్యాంకు ఎప్పుడూ సగమే నింపేవాడు. దివిసీమ గాలిలో ఉండే తేమ రాత్రి చల్లబడి ఖాళీ సగంలో రేకుకి చెమటలా పడుతుంది. డీజిల్ కంటే నీరు బరువు, అడుక్కి దిగుతుంది. ఆ రెంటి సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి పాకుడు కడతాయి. అదంతా చివరికి నా నెత్తికే. నా అడుగున నీళ్లు తీసెయ్యడానికి చిన్న స్క్రూ ఉంది. దానికి బురద పట్టింది గానీ స్పానరు పట్టలేదు. నాలుగు వానాకాలాలు గడిచాయనుకుంటా, నేను లెక్క పెట్టడం మానేశాను.

అయినా బండి పరిగెత్తింది. ఎందుకంటే మాది పల్లం. మోపిదేవి నుంచి ఎటు వెళ్లినా ఎత్తంటే కృష్ణా కరకట్ట, లేదా పులిగడ్డ–పెనుమూడి వారధి మొదలు. చదును రోడ్డు మీద ఇంజను కాస్తే తాగుతుంది. సగం పూడుకుపోయినా అంత మాత్రం నేను అందించగలను.

తిరుమలకు బయల్దేరాక బండారం బయటపడింది. మనుషులతో, సామాన్లతో కలిపి పదిహేను వందల కిలోల బండిని సెకనుకు అర మీటరు పైకి లేపాలంటే దానికే పది గుర్రాల బలం కావాలి. టైర్ల రాపిడి, గాలి అడ్డు వేరే. అలా ఆరేడు వందల మీటర్లు ఎక్కాలి. ఇంజను ఆకలితో పీల్చింది. నా దగ్గర దారి లేదు. డ్రైవరు గేరు దించాడు, ఇంకోటి దించాడు, ఆఖరికి పక్కకు ఆపాడు. కాసేపు ఆగేసరికి బురద కొంచెం జారింది, బండి మళ్లీ కదిలింది. వెనక సీట్లో మామ్మ గోవిందా అంది. ఆ పుణ్యం నాకు రాలేదు, నింద కూడా ఇంకా రాలేదు.

తిరిగొచ్చాక బండి చక్కగా పరిగెత్తింది. జబ్బు చూపిద్దామంటే ఇక్కడ కొండేదీ? ఒకరు క్లచ్ అన్నారు, మార్చారు. ఒకరు నాజిళ్లన్నారు, విప్పారు. చివరికి చల్లపల్లి వైపు షెడ్డులో ఒక కుర్రాడు ముందు రెంచీ తియ్యకుండా మాట అడిగాడు.

“బాబాయ్, ఎక్కేటప్పుడు ఇంజను గోల పెడతా బండి కదల్లేదా, లేక ఇంజనే నీరసపడిందా?”

“నీరసపడిందిరా.”

“అయితే క్లచ్ కాదు. నల్లపొగ వచ్చిందా?”

“పొగే లేదు.”

“గాలి అందకపోతే నల్లపొగ రావాలి. డీజిలే అందట్లా. ఆపితే మళ్లీ లాగిందన్నావుగా.”

చక్రాల డ్రమ్ములు ముట్టుకుని బ్రేకు పట్టెయ్యలేదని చూసుకున్నాడు. ట్యాంకు మూత బెజ్జం పూడితే కూడా ఇలాగే చేస్తుందట, అది ఊదాడు. ఆ తర్వాతే నా స్క్రూ తిప్పాడు. నీళ్లు, వాటి వెనక చింతపండు రంగు బురద, ఆఖరికి రెండు చుక్కల డీజిల్. నన్ను విప్పి కొత్తదాన్ని బిగించి, చేత్తో పంపు కొట్టి ఎయిర్ తీశాడు. నలుగుర్ని ఎక్కించుకుని వారధి మొదట్లో టాప్ గేరులోనే యాక్సిలరేటరు నేలకు తొక్కారు. ఈసారి దమ్ము తగ్గలేదు.

కుర్రాడు నన్ను పాత సామాను గుట్టలోకి విసరబోయాడు.

“పారెయ్యకురా, కిరసనాయిలుతో కడిగితే మళ్లీ పనికొస్తది,” అన్నాడు మా ఓనరు.

“కడిగితే కాగితం చిరుగుద్ది బాబాయ్. ఆ డ్రమ్ము మార్చు ముందు.”

విన్నాడో లేదో. నన్నైతే గోనెసంచిలో చుట్టి స్టెప్నీ పక్కన పడేశాడు. నిన్న చెరువు గట్టు దగ్గర ఆగినప్పుడు ట్యాంకులో పోస్తున్న చప్పుడు వినపడింది. అదే డ్రమ్ము. ముందున్న కొత్తదానికి చెబుదామంటే డిక్కీలోంచి గొంతు అంతదూరం పోదు.