అరకు ఇంటి కాఫీ ఫిల్టర్‌ని

నేను కాఫీ ఫిల్టర్‌ని. ఒళ్లంతా ఇత్తడి, లోపల కళాయి పూత. ఒకదానిమీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు, పైగిన్నె అడుగున సన్నటి చిల్లులు, పొడిని అదిమే బిళ్ల, ఒక మూత. నన్ను చేసిన చేతులు గుర్తులేవు గానీ వాడిన చేతులు బాగా గుర్తు.

అరకులో ఒకావిడ, పిల్లలు పట్నం వెళ్లిపోయాక, ఇంట్లో రెండు గదులు యాత్రికులకి అద్దెకిచ్చేది. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, బొర్రా గుహల దగ్గర దిగి, తిరిగి తిరిగి చీకటిపడ్డాక చేరేవాళ్లు జనం. వాళ్లు కాళ్లు కడుక్కుంటుండగానే ఆవిడ అడిగేది: "పొద్దున ఎన్నింటికి లేస్తారమ్మా? పంచదార ఎంత వెయ్యను?" ఆ జవాబుతోనే నా పని మొదలయ్యేది. రాత్రి పడుకోబోయే ముందు పొడి వేసి, బిళ్లతో అదిమి, మరిగే నీళ్లు పోసేది. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు, వదులుగా ఉంటే పల్చగా కారిపోతాయి. ఎంత అదమాలో ఆవిడ వేళ్లకి తెలుసు. నేను తెల్లవార్లూ చుక్కచుక్కగా దింపేదాన్ని.

తెల్లారకముందే బయల్దేరేవాళ్లుంటే నన్ను వాళ్ల గది బల్లమీదే పెట్టేది. పక్కన ఒక చీటీ: "పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. స్టవ్ వాడాక సిలిండర్ కట్టెయ్యండి." చలికాలమైతే మంచంమీద ఇంకో రగ్గు, కరెంటు పోతుందని తలగడ దగ్గర టార్చి. ఇవేవీ అద్దెలో లెక్కకట్టినవి కావు. షుగరున్న ఒక పెద్దాయన రెండోసారి వచ్చినప్పుడు, అడక్కుండానే చక్కెర లేని కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని ఆవిడవంక చూసిన చూపు నేను మర్చిపోలేదు.

కష్టపెట్టినవాళ్లూ ఉన్నారు. మూత బిగుసుకుందని ఒకబ్బాయి గరిటెతో కొట్టాడు. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. ఇంకొకరు స్టీలు పీచుతో లోపలంతా గీకారు, కళాయి లేచిపోయింది. కళాయి లేని ఇత్తడిలో కాఫీ నిలవుంచకూడదు, అందులోని పులుపు లోహాన్ని తింటుంది. ఆవిడుంటే మళ్లీ కళాయి వేయించేది. అప్పటికి ఆవిడ మోకాళ్లనొప్పులతో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లు చూసుకునే కొత్త మనుషులు గదికో ఎలక్ట్రిక్ కెటిల్, నాలుగు ఇన్‌స్టంట్ పొట్లాలు పెట్టారు. నన్ను కొన్నాళ్లు ప్లాస్టిక్ పూలతో అలమరలో నిలబెట్టి, చిలుము పట్టాక అటకమీద పడేశారు.

2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికి నేను అక్కడే ఉన్నాను. ఇంటి వెనకే సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. చలికాలంలో గిరిజన రైతులు ఎర్రపండ్లు కోస్తుంటారు. ఆ పండ్ల వాసన నాకు కొత్త కాదు. గదిలో దిగినవాళ్లు మాత్రం పొట్లం చించుకుని తాగి, "అరకు కాఫీ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగి కాఫీ మ్యూజియం దారి పడతారు. అటకమీదికి ఆ మాట వినపడిన ప్రతిసారీ నాకు గుండె కోసినట్టుంటుంది.

ఇల్లు అద్దెకిచ్చే అమ్మలూ, అయ్యలూ! నాలాంటిదానికి కళాయి వేయించే ఓపిక మీకు లేకపోతే ఒక స్టీలు ఫిల్టర్ కొనండి. మీ ఊళ్లో పండిన గింజల పొడి వేసి, రాత్రే డికాక్షన్ దింపి ఉంచండి. దానికంటే ముందు, పొద్దున ఎన్నింటికి లేస్తారో వాళ్లని అడగండి.