రైలుపట్టా తునక ఆత్మకథ

గవర్నర్‌పేటలోని యొక పాఠశాల వరండాలో, దూలమునుండి దిగిన ఇనుపకొక్కెమునకు తగిలింపబడి, అటెండరు సుత్తిదెబ్బలకు బదులు పలుకుచు కాలము గడపుచున్న రైలుపట్టా తునకను నేను. పిల్లలు నన్ను గంట యందురు గాని, గంటకుండవలసిన నాలుకయు గుండ్రదనమును నాకు లేవు. ఉన్నదెల్ల కంఠమే, అదియు బీసెంటురోడ్డు అంగళ్ళదాక వినవచ్చునని వాడుక. నా పుట్టుక సీమలో. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడకు చేరిన దరిమిలా, ఈ కూడలి నానాటికి విస్తరిల్లుచుండగా, ఓడనెక్కి వచ్చిన పట్టాలలో నే నొకదానను. అరిగిపోయి తొలగింపబడిన పిమ్మట నన్ను కోసి, ఒక ముక్కను ఇచ్చట వ్రేలాడదీసిరి. పూర్వాశ్రమమున బండ్ల బరువు మోసితిని. ఇప్పుడు పగటిని పీరియడ్లుగా ఖండించుచున్నాను.

ఈ రెండవ వృత్తియే నన్ను చరిత్రపాఠములకు న్యాయాధిపతిని చేసినది. పిల్లల కే చరిత్ర చెప్పవలెనను విషయమై ఢిల్లీలోను, హైదరాబాదులోను, అమరావతిలోను పెద్దలు సభలు తీర్చి వాదించుకొందురు. పన్నెండవ తరగతి చరిత్రగ్రంథమునుండి మొగలు దర్బారుల అధ్యాయమును తీసివేసిరని 2023లో దేశమంతట కలకలము చెలరేగినది. రాష్ట్రవిభజనానంతరము తెలంగాణ పదవ తరగతి పుస్తకమున తెలంగాణోద్యమమునకు ప్రత్యేకాధ్యాయమే వెలసినది. కోదాడ పిల్లవాడును నందిగామ పిల్లవాడును ఒకే రహదారి ప్రక్కన పెరుగుచు వేర్వేరు చరిత్రలు చదువుచున్నారు. ఈ వాదములు నిరర్థకములని నే ననను. కాని పుస్తకములో నున్న పాఠము తరగతిలో నున్నదో లేదో తేల్చునది మాత్రము నా మ్రోతయే గదా!

సాంఘికశాస్త్ర మను నొక్క పేరుక్రింద చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము నను నలుగురు దాయాదు లొకే పీరియడును పంచుకొందురు. అందు హాజరు పిలుచుటకు కొంత, నిన్న రానివానిని నిలదీయుటకు కొంత పోగా మిగిలినదే చరిత్ర వంతు. సంక్రాంతి సెలవులు ముగిసినది మొదలు క్రొత్తపాఠముల ఊసే యుండదు, ‘ఇంపార్టెంట్ల’ జపమే. కావున వెనుక పుటలలో నున్నవాడు ఎంతటి మహానుభావుడైనను వెనుకబడవలసినదే.

2024-25 నుండి మన రాష్ట్రమున పదవ తరగతికి జాతీయమండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) గ్రంథములు వచ్చినవి. ఆ చరిత్ర 1848లో ఫ్రెడరిక్ సోరియు అను ఫ్రెంచి చిత్రకారుడు రచించిన ప్రజారాజ్యస్వప్నముతో ఆరంభమగును. తరువాతి పాఠములో గూడెముకొండల తిరుగుబాటు వచ్చును. అల్లూరి సీతారామరాజు పేరు వినబడగానే వెనుకబెంచీలు సైతము నిటారుగా కూర్చుండును. అయితే 1921 మార్చి తుదిని ఈ యూరనే అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, తిలకు స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటి సభ్యులు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు కావలెనని తీర్మానించినదని మావారిలో ఎందరికి తెలియును? ఆ సందర్భముననే పింగళి వెంకయ్యగారు గాంధీగారికి పతాకమును సమర్పించిరి. అదియు మాకిప్పు డొక మార్కు ప్రశ్న.

నా ప్రక్కనున్న స్టాఫ్‌రూములో ఒకనా డీ విషయమై వాగ్వాదము జరిగినది. క్రొత్తగా వచ్చిన టీచరమ్మ కృష్ణ ఆనకట్టకు రెండువారములు కావలెనన్నది. “పరీక్షలో ఆనకట్ట రాదు కదమ్మా!” అని విశ్రాంతికి చేరువైన సోషల్ మాస్టారు నవ్విరి.

ఆమె నవ్వలేదు. నందననామ సంవత్సరపు కరువున, 1832-33లో, గుంటూరుసీమ ఐదులక్షల జనములో రెండులక్షలదాక నశించిరన్న అంచనాతో మొదలిడి, ఆనకట్ట కట్టుమని కాటను పెట్టిన పోరు, 1852 మొదలు 1855 వరకు ఇంద్రకీలాద్రికి సీతానగరమునకు నడుమ ఓర్ దొర నడిపిన పని, కాలువలవెంట సాగిన పడవలు, ఆ పడవల బేరమును కొల్లగొట్టిన రైళ్ళు (ఇచ్చట నాకు కొంచెము సిగ్గు కలిగినది), 1952లో ఆనకట్టకు పడిన గండి, 1957లో తెరచిన ప్రకాశం బ్యారేజి, ఎగువదిగువల నీటితగవుపై బచావత్ ట్రిబ్యునలు 1973లో ఇచ్చిన తీర్పు, ఇవి యన్నియు నొక్క నదిమీద నడచిన చరిత్రయేనని ఏకరువు పెట్టినది.

మాస్టారు తేలికగా తీసిపారవేయలేదు. “కాటను దొరకు దండ వేయటం మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. కుంపిణీవాడికి శిస్తు ఎందుకంత అవసరమైందో తెలియాలంటే ఐరోపా చెప్పాలి. ఊరి చరిత్ర ఒక్కటే చెబితే ఊరూ అర్థం కాదు” అనిరి. ఆయన పక్షమున న్యాయ మున్నదని నేను సాక్ష్యము పలుకగలను, నాయందు సీమ యినుము మాత్రమే గాక సీమ మూలధనము గూడ నున్నది గనుక. అయినను నా మొగ్గు ఆమెవైపే. ఏలయన ఆయన తరువాత వేసిన ప్రశ్నకు ఆమెయొద్ద సమాధాన మున్నది.

“సరే, ఏది మానేస్తారు?”

ఎన్ని ప్రణాళికాసంఘములు ఈ ప్రశ్నకడ మూగవోయినవో! ఇది చేర్చుడు, అది చేర్చుడని కోరువారే గాని, దీనిని విడిచెదనని పేరుపెట్టి చెప్పినవారిని నేను అరుదుగా వింటిని. టీచరమ్మ మాత్రము వ్రేళ్ళు మడచి లెక్క చెప్పినది: యుద్ధముల తేదీలు బట్టీ పట్టించను, ముద్రణ సంస్కృతి పాఠమును రెండు పీరియడ్లకు కుదించెదను, ఇటలీ ఏకీకరణమును ఇంట చదువుకొని రమ్మందును.

“గరిబాల్డీనా? ఇంట్లో చదువుకోమంటారా?” అని మాస్టారు కుర్చీలోనుండి లేచిరి. ఎఱ్ఱచొక్కాల దండును వెంటబెట్టుకొని ఆయన తరగతిలో సిసిలీ మీదికి దండెత్తుట నేను ఏటేట వినుచున్నదే. ఇద్దరును కొంతసే పూరకుండిరి. పిదప ఆయన గోడమీది టైంటేబులు కడకు పోయి, శనివారపు చివరి గడిలోని తన పేరును కొట్టివేసి, ఆమె పేరు వ్రాసి, “ఆనకట్టకు ఇది తీసుకోండి. గరిబాల్డీ జోలికి మాత్రం రాకండి” అనిరి.