తూటా పేటికకు టీకా తాత్పర్యం

మూలం

308 వించెస్టర్. 150 గ్రెయిన్. సాఫ్ట్ పాయింట్. వేగం 2820. 20 సెంటర్‌ఫైర్ రైఫిల్ కార్ట్రిడ్జిలు. పిల్లలకు అందకుండా ఉంచండి.

అవతారిక

వ్యాఖ్యాతలకు తలమానికమైన మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. మూలం గీత దాటనని ముందే ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీక రాశాడు. ఆ ఒట్టే నేనూ పెట్టుకున్నాను. ఆయన ముందున్నది మేఘసందేశం, నా ముందున్నది టెక్సస్‌లో ఒక దుకాణపు అర మీది అట్టపెట్టె. అదొక్కటే తేడా. మేఘానికి ధర చీటీ లేదు. ఈ పెట్టెకు 29 డాలర్ల 99 సెంట్లని అంటించారు. పక్కనే అవే అంకెలున్న మరో పెట్టె 64 డాలర్లు. ఈ 34 డాలర్ల తేడాలో గురికి దక్కేదెంత, పెట్టె మీద కొమ్ముల దుప్పి బొమ్మ గీసినవాడికి దక్కేదెంత అన్న విచారణే ఈ వ్యాఖ్యకు పని.

గ్రంథకర్త పేరు తెలియదు. ప్రకటనల విభాగంవారి బృందరచన అని కొందరి మతం. కృతి గద్యం కనక యతిప్రాసలు వెతకవద్దు. మొత్తం రచనలో క్రియాపదం ఒక్కటే, అదీ చిట్టచివర. తతిమ్మాదంతా నామవాచకాలూ అంకెలూనే. అందుకే టీక అవసరమైంది.

అనుబంధ చతుష్టయం

అధికారి: ఈ శాస్త్రానికి అర్హుడెవడు? టెక్సస్‌లో వేటాడాలంటే 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాడు వేటగాళ్ల శిక్షణ పొంది ఉండాలి. మన ఐటీ జనాభాలో దాదాపు అందరూ ఆ గీతకు ఇవతలివారే. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఇంకో ముడి ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసాదారు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోరాదు. దానికున్న మినహాయింపుల్లో ఒకటి గడువు తీరని వేట లైసెన్సు. టెక్సస్‌లో ఆ లైసెన్సు ఆగస్టు 31తో చెల్లిపోతుంది. ఆ ఒక్క మినహాయింపునే నమ్ముకున్నవాడికి సెప్టెంబరు 1 తెల్లారేసరికి అలమరలోని పెట్టె నేరసామగ్రి అయి కూర్చుంటుంది. వీసా స్టాంపింగ్ తేదీలు నిద్రలో అడిగినా చెప్పేవాడు ఈ తేదీ మరవకూడదు.

విషయం: తూటా. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వినోదపు వేటకు తలుపు మూసుకుంది కాబట్టి ఈ వ్యాఖ్య సముద్రం దాటినవారికే.

ప్రయోజనం: జింక నొప్పి తెలియకముందే పడిపోవడం. ఆ తర్వాతే ఫ్రీజరు నిండటం. ఈ వరస మారరాదు.

సంబంధం: తూటాకూ తుపాకికీ ఉండేది. ఇది పెట్టె మీద రాసి ఉండదు. సిద్ధాంతంలో చెబుతాను.

ప్రతిపదార్థం

308 వించెస్టర్ = 1952లో వించెస్టర్ కంపెనీ విడుదల చేసిన తూటా. బుల్లెట్ అడ్డకొలత అంగుళంలో వెయ్యికి 308 పాళ్లు. ఇక్కడ పాఠాంతరాలు విస్తారం. కొన్ని ప్రతుల్లో ‘30-06’ అని ఉంటుంది. అందులో 06 అంటే అమెరికా సైన్యం దాన్ని చేపట్టిన 1906వ సంవత్సరం. మరికొన్నింట ‘6.5 క్రీడ్‌మూర్’ అని కనిపిస్తుంది. అది 2007 నాటి అర్వాచీన పాఠం. ఏ పాఠం శ్రేష్ఠమన్న వాదంతో వేట శిబిరాల్లో రాత్రుళ్లు గడిచిపోతాయి. వ్యాఖ్యాత మాత్రం జేబు వైపు. ఎక్కువమంది వాడే కొలతకు తయారీదార్లు ఎక్కువ, పోటీ ఎక్కువ, చిన్న ఊరి దుకాణంలో కూడా సరుకు దొరుకుతుంది. అరుదైన కొలత తుపాకి చవగ్గా వచ్చిందని కొన్నవాడు ఆ చవక మొత్తాన్నీ తూటాల దగ్గర వడ్డీతో తీరుస్తాడు. తుపాకి బారెల్ మీద చెక్కిన అక్షరాలూ పెట్టె మీది అక్షరాలూ పొల్లు పోకుండా కలవాలి. ‘దాదాపు అదే’ అన్న వ్యాకరణం ఇక్కడ చెల్లదు, ప్రాణం మీదికొస్తుంది.

150 గ్రెయిన్ = బుల్లెట్ బరువు. పౌనుకు 7000 గ్రెయిన్లు కాబట్టి ఇది 9.7 గ్రాములు. మన కంసాలి తూకంలో 80 గురిగింజల ఎత్తు. గురిని గురిగింజలతో తూచడం శ్లేష కదా అని మురిసిపోయే రసికులుంటారు, మురవనిద్దాం. ఇది తూటాలోని మందు బరువని కొత్తవాళ్లు పొరబడతారు. 308లో మందు 45 గ్రెయిన్లకు అటూ ఇటూ. బరువు పెరిగితే తుపాకి భుజాన్ని గట్టిగా తన్నుతుంది. తన్నుకు భయపడి కన్ను మూసేవాడి గురి ఏ బుల్లెట్టూ నిలబెట్టలేదు. తెల్లతోక జింకకు 150 చాలు.

సాఫ్ట్ పాయింట్ = రాగి తొడుగు, లోపల సీసం, ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే బుల్లెట్. తగలగానే ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. గాయం వెడల్పవుతుంది, చావు త్వరగా వస్తుంది. దీనికి ప్రతిపక్షం ఫుల్ మెటల్ జాకెట్. అది ముక్కు దాకా తొడుగున్న సైనిక రకం. విచ్చుకోకుండా సన్నని బెజ్జం చేసి దూసుకుపోతుంది. దెబ్బ తిన్న జింక మైళ్లు నడిచి ఎక్కడో పడి గంటలకు చస్తుంది. చాలా రాష్ట్రాల్లో జింకపై దాన్ని నిషేధించింది ఇందుకే. అరలో అన్నిటికంటే చవక పెట్టె తరచుగా అదే. కాగితాన్ని కాల్చడానికి అది బాగానే ఉంటుంది, జింక జోలికి తీసుకుపోరాదు.

వేగం 2820 = గొట్టం మూతి దగ్గర సెకనుకు 2820 అడుగులు. ఇది తయారీదారు పరీక్ష బారెల్‌లో పుట్టిన అంకె. ఆ బారెల్ సాధారణంగా 24 అంగుళాలుంటుంది. మీది 20 అయితే అంగుళానికి ఇరవై, పాతిక అడుగుల చొప్పున తగ్గించి చదువుకోవాలి. 100 గజాలకు గురి సరిచేసుకుంటే ఈ బుల్లెట్ 200 గజాల దగ్గర సుమారు 4 అంగుళాలు, 300 దగ్గర 15 అంగుళాల దరిదాపు కిందికి దిగుతుంది. వేగం అంకె చూసి కొనేకంటే ఈ దిగుడు నేర్చుకోవడం లాభం.

20 = పెట్టెలో తూటాల సంఖ్య. ధర చీటీని దీంతో భాగించాలి. ఒక పెట్టెలో ఒక్కోటి డాలరున్నర, రెండోదాంట్లో మూడు డాలర్ల ఇరవై సెంట్లు.

సెంటర్‌ఫైర్ = నిప్పురవ్వ పుట్టించే ప్రైమరు తూటా మడమ నడుమ ఉండే రకం. అంచున ఉండేది రిమ్‌ఫైర్, ఉడతల వేటకు. టెక్సస్‌లో రిమ్‌ఫైర్‌తో జింకను వేటాడటం చట్టవిరుద్ధం.

పిల్లలకు అందకుండా ఉంచండి = ఏకైక క్రియాపదం, ఏకైక విధివాక్యం. దీనికి టీక అక్కర్లేదు, తాళం కావాలి.

పూర్వపక్షం

పూర్వపక్షి ఒకడున్నాడు. ఫ్రిస్కోలో కోడు రాస్తాడు, షూటింగ్ రేంజిలో నా పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. “అన్నా, ఒక ప్రాణం తీసేటప్పుడు ముప్పై డాలర్ల దగ్గర పిసినారితనమేంటి? ఖరీదైంది కొంటే గురి తప్పదు కదా!” అన్నాడు.

“నీ మాటలో ధర్మం ఉంది తమ్ముడూ, లెక్క లేదు,” అన్నాను.

లెక్క ఇది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల వృత్తం అనుకోండి. మామూలు తూటా వేట రైఫిల్లో 100 గజాల దగ్గర అంగుళంన్నర వెడల్పున చిల్లుల గుంపు పెడుతుంది. ఖరీదైంది అంగుళం గుంపు పెట్టిందనుకుందాం. 200 గజాలకు అవి మూడు, రెండు అంగుళాలవుతాయి. రెండూ ఎనిమిదిలో సుఖంగా ఇముడుతాయి. మధ్య నుంచి చూస్తే తేడా అరంగుళం.

“ఇప్పుడు తుపాకి కింది ఇసుక సంచి తీసేసి కింద కూర్చుని కాల్చు,” అని తొమ్మిది అంగుళాల కాగితపు ప్లేటు 100 గజాల దగ్గర పెట్టించాను. మూడు డాలర్ల ఇరవై సెంట్ల తూటాల్లో సగం, ప్లేటు అంచు కూడా తాకలేదు. పూర్వపక్షి చెవుల మీది మఫ్‌లు తీసి, “తుపాకి వేడెక్కిందేమో అన్నా” అన్నాడు. వాదంలో ఓడిపోయే ఈ చోటును శాస్త్రంలో నిగ్రహస్థానం అంటారు.

సిద్ధాంతం

గురికి మూడు కారణాలు. కాల్చేవాడు మొదటివాడు. తుపాకికి ఏ తూటా సరిపడుతుందో అది రెండోది. పెట్టె ధర మూడోది, చాలా వెనక.

రెండో కారణమే ముందు చెబుతానన్న సంబంధం. బారెల్ లోపలి గాడులు బుల్లెట్‌ను తిప్పుతూ పంపుతాయి. 308లో సాధారణంగా పది నుంచి పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు. పేలిన క్షణంలో బారెల్ సన్నగా కంపిస్తుంది. ఏ బరువు, ఏ వేగం ఆ కంపనానికి కుదిరి ప్రతిసారీ ఒకే చోట బయటపడుతుందో కాల్చి చూడందే తెలియదు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, వరస నంబర్ల రైఫిళ్లు రెండు వేర్వేరు తూటాలను మెచ్చుకోవచ్చు. అరమీది చవక పెట్టె మీ తుపాకికి ప్రియమైనదీ కావచ్చు, 64 డాలర్లది దానికి గిట్టకపోనూ వచ్చు.

పద్ధతి ఇది. వేర్వేరు కంపెనీల 150 గ్రెయిన్ సాఫ్ట్ పాయింట్ మామూలు పెట్టెలు మూడు రకాలు తీసుకోండి. ఒక్కోదానితో మూడేసి తూటాలు కాల్చి, బారెల్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, రెండోది మొదలెట్టండి. కాగితం దగ్గరికి వెళ్లి చూస్తే చిల్లుల అంచులు చిరిగి, చుట్టూ బూడిదరంగు మసి ఉంగరంలా అంటుకుని ఉంటుంది. ఒకదానికొకటి అన్నిటికంటే దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచులను క్యాలిపర్స్‌తో పట్టి, వచ్చిన కొలతలో 0.308 తీసేయాలి. మిగిలిందే గుంపు.

ఇక్కడ ఆశంక: అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం కదా, ఒక గుంపు చాలదా? చాలదు. కుండలో మెతుకులన్నీ ఒకే వేడిలో ఉడుకుతాయి, ఇక్కడ ప్రతి పేలుడుకూ ఊపిరి, గాలి, వేలు వేరు. ఒక్క చక్కని గుంపు కాకతాళీయం. మర్నాడు మళ్లీ, మరో వారం మళ్లీ అదే పెట్టె గెలిస్తేనే ప్రమాణం. ఆ ఒక్క చక్కని గుంపు కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని ఏడాదిపాటు చూపించేవారి మాటకు ఈ శాస్త్రంలో ఆప్తవాక్యం హోదా లేదు.

తాత్పర్యం

ఓ వేటగాడా! నీ తుపాకి మెచ్చిన మామూలు సాఫ్ట్ పాయింట్ పెట్టెను కనిపెట్టు, అదే కొను, మిగిలిన డాలర్లతో ఇంకో పెట్టె కొని కూర్చుని, మోకాలి మీద వంగి, చెట్టుకు ఆని కాల్చడం నేర్చుకో అని భావం.

విశేషాలు

గూఢార్థం: పెట్టె మూత మడత లోపల లాట్ నంబరు ముద్రించి ఉంటుంది. అదే పేరు, అదే బరువు ఉన్నా వేరే లాట్‌లో మందు కొద్దిగా మారవచ్చు. తుపాకి మెచ్చిన లాట్ దొరికినప్పుడే నాలుగైదు పెట్టెలు కొనాలి.

అతిశయోక్తి: పెట్టె మీద ‘మ్యాచ్’ అని ఉంటే అది సాధారణంగా కాగితపు లక్ష్యాల పోటీకి చేసింది. గుంపు ముచ్చటగా వస్తుంది. జింకలోకి పోయాక ఎలా విచ్చుకుంటుందన్నది అక్కడ ముఖ్యం కాదు. గురి ఒక్కటే చూసి దాన్ని వేటకు తీసుకుపోవడం సగం శ్లోకం చదివి అర్థం చెప్పడమే.

ఖరీదుకు న్యాయం: అధిక ధర అంతా వృథా అని సిద్ధాంతి అనడు. జాన్ నోస్లర్ 1946లో మూస్ వేటలో తన బుల్లెట్లు లోతుకు పోకుండా ముక్కలవడం చూసి, నడుమ అడ్డగోడ ఉన్న పార్టిషన్ బుల్లెట్ తయారుచేశాడు. 1948 నుంచి అది అంగట్లో ఉంది. ఎల్క్, మూస్ లాంటి భారీ జంతువులకు ఆ ఖర్చు దండగ కాదు. తెల్లతోక జింకకు మాత్రం మామూలుదే చాలుననడానికి 1939 నాటి కోర్-లాక్ట్ బుల్లెట్ ఇప్పటికీ అంగట్లో నిలిచి ఉండటమే సాక్ష్యం.

దేశభేదం: కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని బుల్లెట్లే వాడాలి. సీసం ముక్కలున్న మాంసం తిని కాండోర్ రాబందులు చనిపోవడం అందుకు పెద్ద కారణం. అక్కడ రాగి బుల్లెట్ ధరే చవక ధర. మిగతా రాష్ట్రాలవారికి నిషేధం లేకపోయినా, సీసపు తునకలు గాయం నుంచి జానెడు దూరం కూడా పోతాయి కాబట్టి చుట్టుపక్కల మాంసం ధారాళంగా కోసి పారేయడం మంచిది. ఇంట్లో పసిపిల్లలుంటే రాగికి మారడంలో తప్పులేదు. అప్పుడు పరీక్ష మళ్లీ మొదటినుంచి.

అదృశ్య భాగం: పెట్టె ధరలో తయారీదారు కట్టే 11 శాతం ఎక్సైజ్ పన్ను కలిసి ఉంటుంది. 1937 నాటి పిట్మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు పోతుంది. రేంజిలో కాగితాన్ని కాల్చినవాడూ ఆ చందా కట్టినవాడే. జింకలు ఈ సంగతి విని సంతోషిస్తాయని చెప్పడం మూలాన్ని దాటడమే అవుతుంది కనక చెప్పను.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను మార్చిలో చదివినవాడు తొందర లేకుండా మూడు రకాలూ పరీక్షిస్తాడు. జులైలో చదివినవాడికి నచ్చిన లాట్ ఇంకా దొరుకుతుంది. అక్టోబరులో చదివినవాడు దుకాణంలో మిగిలిన పెట్టెతో సర్దుకుంటాడు, కనీసం దాంతో గురి అయినా సరిచేసుకుంటాడు. నవంబరు మొదటి శనివారం, సీజను తెరిచిన పొద్దున, పార్కింగ్‌లో నిలబడి ఫోనులో చదివినవాడికి మాత్రం ఫలం లేదు. వాడు బయల్దేరక మానడు కాబట్టి, ఇంట్లో వాళ్లు సాయంత్రానికి కోడి కొని ఉంచుకోవడం క్షేమం.