పాడైన మోతకు వారంటీ

హైదరాబాదులో ఏ రాక్ బ్యాండును కదిపినా ఒక పెడల్రావు బయటపడతాడు. ఇంట్లో పెట్టిన పేరు ఏదో ఉంటుంది, మనకు అనవసరం. మాదాపూర్‌లో టెస్టింగ్ లీడు. నిజాంపేటలో రెండు బెడ్రూముల ఫ్లాటు, దాని నెత్తిన ఇరవయ్యేళ్ళ ఈఎంఐ. అర్ధరాత్రి రోడ్డు మీద నరమానవుడు లేకపోయినా ఎర్రలైటు దగ్గర బండి ఆపుతాడు, పచ్చలైటు పడ్డాక అటూ ఇటూ చూసి మరీ కదులుతాడు. ఇంత బుద్ధిమంతుడికి శనివారం సాయంత్రం బేస్ గిటారు భుజానికి తగిలించుకోగానే ఒకటే కోరిక పుడుతుంది. శబ్దం చెడిపోవాలి. ఘోరంగా చెడిపోవాలి. అయిదు వేలకు మించకుండా చెడిపోవాలి.

ఆ పని చేసిపెట్టేదే ఫజ్ పెడల్. అరచేతిలో పట్టే రేకు డబ్బా, పైన రెండు మూడు నాబులు, కాలితో తొక్కడానికి ఒక స్విచ్చు. గిటారు నుంచి వచ్చిన సిగ్నలును విపరీతంగా పెంచి, హద్దు మీరిన భాగాన్ని పైనా కిందా కత్తిరించి బయటికి వదులుతుంది. డిస్టార్షన్ కూడా ఇదే జాతి, కాస్త మర్యాద తెలిసింది. గిటారువాళ్ళకు ఇందులో చిక్కేమీ లేదు. కొన్నారు, తొక్కారు, జుట్టు విరబోసుకున్నారు. బాధంతా బేసువాళ్ళదే. బేసులో అన్నిటికన్నా లావు తీగ, లో ఈ, మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. గిటారు లావు తీగ 82 దగ్గర. గిటారు కోసం చేసిన పెడళ్ళు చాలావాటిలో ఆ అడుగు శబ్దం లోపలికి రాగానే కెపాసిటర్ల దగ్గరే సగం ఆగిపోతుంది. మిగిలిన సగం, పైన కొత్తగా పుట్టే గరగరలో మునిగిపోతుంది. తొక్కగానే బేస్ మాయమై మూడో గిటారొకటి ఊడిపడుతుంది. ఉన్న ఇద్దరు గిటారువాళ్ళతోనే వేగలేక డ్రమ్మరు చస్తుంటాడు.

అందుకని ఏ పెడల్ చూపించినా రావు నోట మొదట వచ్చేది "బ్లెండ్ ఉందా?" చెడిన శబ్దం పక్కనే చెడని శబ్దాన్నీ తెచ్చి, ఎంత కావాలంటే అంత కలిపే నాబు అది. అడగడం న్యాయమే, బేసుకు అది నిజంగా అవసరం. కాకపోతే రావు జాతకమే ఆ నాబు. గోవా వెళ్ళాలనుకుంటే ముందు తిరుగు టికెట్టు కొని, ఆ తర్వాతే వెళ్ళే టికెట్టు కొంటాడు. పచ్చబొట్టు వేయించుకున్నాడు, ఫుల్‌హ్యాండ్ చొక్కా వేస్తే కనబడని చోట.

ఆయన్ని చూడాలంటే మ్యూజిక్ షాపులో చూడాలి. ఆదివారం షట్టరు లేచేసరికి గుమ్మంలో ఉంటాడు. బేస్ సొంతది, కేబుల్ సొంతది, 9 వోల్టుల అడాప్టరు కూడా సొంతదే. షాపు అడాప్టరు హమ్ కొడితే ఆ పాపం అన్యాయంగా పెడల్‌కు చుట్టుకుంటుందని ఆయన భయం. స్టూలు మీద కూచుని, నాబులన్నీ గడియారం ముల్లు పన్నెండు మీద ఉండే దిక్కుకు తిప్పుతాడు. లో ఈ ఒక్కసారి మీటి, కళ్ళు మూసుకుని, ఆ మోత చచ్చేదాకా వింటాడు. చివర్లో అది దగ్గి తెగిపోయిందా, సన్నగిల్లి ఆరిపోయిందా అన్నది ఆయనకు ప్రాణం. తర్వాత ఫజ్ నాబును తొమ్మిదింటికి దించుతాడు. మళ్ళీ అదే తీగ. మళ్ళీ కళ్ళు మూత. పాట మాత్రం వాయించడు. వాయిస్తే పాట బాగుండి, పెడలే బాగుందని మోసపోతాడట.

ఒక ఆదివారం మొదట బాస్ కంపెనీ ఓడీబీ-3 వచ్చింది. 1994 నుంచి నడుస్తున్న పసుపుపచ్చ డబ్బా, బ్యాలెన్స్ అనే పేరుతో బ్లెండూ ఉంది. "పై గరగర ఎక్కువ, ఇది మెటల్ పిల్లలకు" అని పక్కన పెట్టాడు. ఎలక్ట్రో హార్మోనిక్స్ వారి బేస్ బిగ్ మఫ్ వచ్చింది. బుల్లి స్విచ్చును డ్రై వైపు తోస్తే మామూలు శబ్దం కూడా కలిసొస్తుంది. రావు ముఖం విప్పారింది, వెంటనే ముడుచుకుంది. "కలుస్తుంది సరే, ఎంత కలవాలో నా చేతిలో లేదుగా?" చివరికి బెరింజర్ వాళ్ళది ఒకటి. ధర విని లేచి నిలబడ్డాడు. డబ్బాను బోర్లా తిప్పి, గోటితో తట్టి చూశాడు.

"కాలితో తొక్కేదాన్ని ప్లాస్టిక్‌తో చేశారేంటి?"

"మెల్లగ తొక్కన్నా" అన్నాడు షాపు కుర్రాడు.

"వారంటీ ఎంత?"

"ఏడాది."

"ఏడాది లోపల సౌండు పాడైతే మారుస్తారా?"

కుర్రాడు పెడల్ వంక చూశాడు, రావు వంక చూశాడు. "పాడైతదనే గదన్నా కొంటున్నవ్?"

కుర్రాడు వేళాకోళానికి అన్నా, ఫజ్ పుట్టిందే పాడైన సామానులోంచి. రావుకు ఆ కథ కంఠోపాఠం. నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట "డోంట్ వర్రీ" రికార్డింగు జరుగుతోంది. గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయిస్తుంటే మిక్సింగ్ డెస్కులో ఒక చానలు పాడై మోత బర్రుమంది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో పాట బయటికొచ్చి హిట్టయింది. ఆ పాడు మోతనే ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే సర్క్యూటును ఇంజినీరు గ్లెన్ స్నాడీ తోటి ఇంజినీరుతో కలిసి తయారుచేసి గిబ్సన్ కంపెనీకి ఇచ్చాడు. 1962లో అది మాయెస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అంగట్లోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ "సాటిస్‌ఫాక్షన్" దెబ్బకు లోకమంతా దాని వెంట పడింది. అదే ఏడు బీటిల్స్ "థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్"లో మెకార్ట్నీ బేసుకే ఫజ్ పెట్టాడు. ఇక్కడిదాకా వచ్చాక రావు గొంతు జీరబోతుంది. "మొదట మోగింది బేస్ మీద. అది మన ఆస్తి. గిటారువాళ్ళు ఎత్తుకుపోయారు." పొలం గట్టు తగాదా చెప్పే గొంతే అది. డ్రమ్మరు ఈ కథ ప్రతి రిహార్సలుకూ వింటాడు, స్టిక్కులు సర్దుకుంటూ. బేసిస్టు లెమ్మీ ఏ పెడలూ లేకుండా మార్షల్ ఆంప్లిఫయర్లు పెంచేసి వాయించాడు కదా అని ఎవరైనా అంటే రావు దగ్గర జవాబు సిద్ధం: "ఆయనకు అపార్ట్‌మెంటు అసోసియేషన్ లేదు."

షాపుల్లో కుదరనప్పుడు రావు కోఠీ గుజరాతీ గల్లీకి దిగుతాడు. బిగ్ మఫ్‌లో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లని తెలిసిన నాడు ఆయనలోని బీటెక్ మేల్కొంది. కాగితం పొట్లంలో సామాను తెచ్చి, రెండు రాత్రులు వేళ్ళు కాల్చుకుని, అంతా కలిపి ప్లాస్టిక్ సోపు డబ్బాలో బిగించాడు. తొక్కితే ఆకాశవాణి వచ్చింది. రైతులకు ఏవో సలహాలు. సిగ్నలును ఇంతగా పెంచే సర్క్యూటును రేకు కవచం లేకుండా వదిలితే తీగలన్నీ ఏరియల్సే అవుతాయి మరి. మర్నాడు పిల్లవాడి స్టీలు టిఫిన్ డబ్బా కనబడలేదు. రేడియో ఆగింది. తర్వాత ఒక ట్రాన్సిస్టరుతో సొంతంగా బ్లెండ్ తగిలించాడు. చెడినదీ చెడనిదీ కలిస్తే బేస్ రెట్టింపు కావాల్సింది, ఉన్నది కూడా పోయింది. ఒక సిగ్నలు పైకి లేచేటప్పుడు రెండోది కిందికి దిగుతోంది, రెండూ కొట్టుకుని చస్తున్నాయి. ఇంకో ట్రాన్సిస్టరు పెట్టి ఒకదాన్ని తిరగేశాక గానీ దారికి రాలేదు. ఆ రాత్రి మోత బాగా వచ్చింది. కింది ఫ్లాటావిడ పైకి వచ్చింది.

"వదినగారూ, మీ మిక్సీ బేరింగు పోయినట్టుందండీ."

"మిక్సీ కాదండీ, మా ఆయన" అంది రావు భార్య.

నన్నడిగితే ఇదంతా అక్కర్లేదు. అయిదు వేలలో సెకండ్‌హ్యాండుది ఏదో ఒకటి కొని, ఫజ్ తగ్గించి, వాల్యూమ్ పెంచితే చాలు. ఇంట్లో ఒంటరిగా విన్నప్పుడు మెత్తగా, లోతుగా ఉన్న మోత బ్యాండులో చేరేసరికి వినబడకుండా పోతుంది. బిగ్ మఫ్ జాతికి మధ్య స్థాయి శబ్దాలు తక్కువ, ఆ ఖాళీలోకి గిటార్లు వచ్చి కూచుంటాయి. గదిలో మొరటుగా, ముక్కుతో పాడినట్టున్నదే స్టేజి మీద నిలబడుతుంది. కనుక పెడల్‌ను ఎంచాల్సిన చోటు రిహార్సలు, పక్కన డ్రమ్మరు బాదుతుండగా. ఇదే మాట రావుతో అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "రిహార్సల్లో కళ్ళు మూసుకుంటే అందరూ నవ్వుతారండీ" అన్నాడు.

ఆ మధ్య జూబ్లీహిల్స్ పబ్బులో వాళ్ళ షో. మ్యూజ్ వాళ్ళ "హిస్టీరియా" ఉంది లిస్టులో. 2003 నాటి ఆ పాట మొత్తం ఫజ్ బేస్ భుజం మీదే నడుస్తుంది. సౌండ్‌చెక్‌లో రావు టిఫిన్ డబ్బా కింద పెట్టి, చెప్పు విడిచి, మొదటిసారి ఫజ్ నాబును పన్నెండు దాటించి తొక్కాడు.

సౌండాయన పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఒక్క నిమిషం." కేబుల్ మార్చాడు. డీఐ బాక్సు మార్చాడు. చానల్ మార్చాడు. బర్రుమంటూనే ఉంది. చెమట తుడుచుకున్నాడు. "మీ లైన్ల ఏదో కొడ్తుంది సార్."

"బాగా చెడిందా?" రావు గొంతులో వణుకు.

"మస్తు ఖరాబైంది."

"కింద లో ఎండ్ ఉందా?"

"అది ఉంది సార్, ఫుల్లుగుంది."

రావు తృప్తిగా వంగి డబ్బా చూపించాడు. సౌండాయన దాన్ని చేతిలోకి తీసుకుని, మూత మీద పిల్లవాడి పేరు చదివి, తిరిగి కింద పెట్టాడు.

"గీ మోత కోసం ఇంత కష్టపడ్డరా సార్? మా గోదాంల పాత మిక్సర్ ఒకటి పడుంది, అచ్చం గిట్లనే బర్రుమంటది. పాత సామానోనికి ఏద్దామనుకుంటున్న."

గిటారువాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. రావు నవ్వలేదు. జేబులోంచి ఫోను తీసి నంబరు ఎక్కించుకోవడానికి సిద్ధమయ్యాడు.

"పోయింది ఏ చానలు? మిగతావి బాగానే ఉన్నాయా?"