యాత్రాభోజన పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఊరు కొత్తదైన నూరివాని నడుగు,
బోర్డు చూచి పోకు, బోల్తపడుదు;
పెనము కాలు వేళ పెసరట్టు తినవలె,
వేళ మించెనేని వెలితి మిగులు.

టీక: ఊరు = సెలవు పెట్టి సకుటుంబంగా దిగిన ఊరు; కొత్తది ఐనన్ = ఎరగనిదైనచో; ఊరివానిన్ = అక్కడే పుట్టి, అక్కడే తింటూ, పక్క ఊరి సాంబారును నిందించువానిని; అడుగు = విచారింపుము; బోర్డు చూచి = ‘ఒరిజినల్’, ‘ఏసీ కలదు’ ఇత్యాది అక్షరములను నమ్మి; పోకు = గడప తొక్కకుము; బోల్తపడుదు = ఎట్లో బిల్లు వచ్చినప్పుడు తెలియును; పెనము కాలు వేళన్ = పెనము కాలుచున్న సమయమున; పెసరట్టు తినవలెన్ = స్పష్టము; వేళ మించెనేనిన్ = ఆ సమయము దాటినచో; వెలితి మిగులు = కడుపున ఏది పడినను మనసున ఖాళీ ఉండును.

తాత్పర్యం: కొత్త ఊళ్ళో తిండి సంగతి స్థానికుణ్ణి అడిగి, వేళకు వెళ్ళి తినవలెనని భావం.

విశేషాలు: లాడ్జి గుమాస్తా ఊరివాడగునా, కాదా? ‘మంచి హోటలెక్కడ?’ అని అడిగితే కాడు. మన సూటుకేసు చూసి అద్దాల హోటలుకు దారి చెబుతాడు. ‘పొద్దున్న మీరెక్కడ తింటారండీ?’ అంటే మాత్రం గొంతు తగ్గించి, బస్టాండు వెనక వేపచెట్టు కింది బండి గుర్తులు చెబుతాడు. అప్పుడతడు ఊరివాడు. ఇక రాత్రి బస్సు ఆగే హైవే హోటలు ‘ఊరు’ కిందికే రాదు. అక్కడ డ్రైవరుగారికి లోపలి గదిలో వేడి భోజనం, మనకు బయట చల్లారిన పూరీ.

‘బోర్డు’ అన్నందువల్ల ఫోనులో నక్షత్రబలం చూచుట కూడా నిషిద్ధమే. దీనికి గుంటూరు అపవాదం. అక్కడ శంకర్ విలాస్ అన్న హోటలు పేరే సెంటరుకూ, పై వంతెనకూ వచ్చింది. ఊరే బోర్డైన చోట నిషేధం చెల్లదు.

‘కాలు వేళ’ అన్నదానికి, క్యూలో నిలబడి కాళ్ళు పీకే వేళ అని కొందరు అర్థం చెబుతారు. అన్వయం కుదరదు గాని, అనుభవం కుదురుతుంది. అసలు ఈ పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. చోటు ఎంచుకోవడమంటే నిజానికి వేళ ఎంచుకోవడం. కర్నూలు, అనంతపురం వైపు ఉగ్గాని పొద్దుటి తిండి. నానిన బొరుగులను పిండి, పోపులో వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. పదకొండింటికి లేచి వెళ్ళినవాడికి ఖాళీ గిన్నె, దాని అంచున పసుపు మరక. పులస గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడే సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుంది. పుస్తెలమ్మే ఉద్దేశం ఉన్నా వేసవిలో అమ్మి ప్రయోజనం లేదు. హైదరాబాదు హలీముకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడది ఏడాది పొడుగునా అక్కడక్కడ దొరుకుతుంది. అయినా రంజాను సాయంత్రం, భట్టీ చుట్టూ జనం ఒత్తుకుంటుండగా తిన్నదానికీ దానికీ పోలిక లేదని ఈ వ్యాఖ్యాత మొండి అభిప్రాయం.

పూతరేకులకు వేళతో పనేమిటని ఆక్షేపణ. నిజమే, 2023లో గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు డబ్బాలో అమెరికాకైనా వెళతాయి. కాని బోర్లించిన కుండ మీద పిండిలో తడిపిన గుడ్డ లాగగానే చిరచిరమంటూ రేకు లేచే క్షణం ఏ డబ్బాలోనూ పట్టదు.

‘పెసరట్టు’ ఉపలక్షణం, ఇడ్లీ, వడ, కారందోసెలను కూడా గ్రహించాలి. ‘మినపట్టు’ అని పాఠాంతరం చూపేవారున్నారు. యతిభంగం, రుచిభంగం రెండూ కలుగుతున్నందున త్యాజ్యం.

ఛందస్సు ఆటవెలది. వినియోగం: పెద్దలు మాత్రమే ప్రయాణం చేసినప్పుడు. పిల్లలు వెంట ఉంటే ఏ ఊరైనా, ఏ వేళైనా ‘ఫ్రైడ్ రైస్’ అనే పూర్వపక్షమే నెగ్గుతుంది.